కాటా దగ్గరే నీ పేరు నిలబడాలి

నాయనా, రాచర్లలో పాత ఇనుము కొట్టు పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. తుక్కు పని చిన్నదని ఎవరన్నా అంటే పట్టించుకోకు. గనిలోంచి తవ్విన ఖనిజంతో అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతుతోనే పాత గిన్నెలు కరిగిపోతాయి. నువ్వు కొన్న ప్రతి కిలో నేలలో ఇంకో కిలోను మిగులుస్తుంది.

ముందు లోహాన్ని గుర్తుపట్టడం నేర్చుకో. జేబులో అయస్కాంతం, చేతిలో ఆకురాయి ఉండాలి. అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుమో, ఉక్కో, బీడో అయి ఉంటుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం అతుక్కోవు. స్టెయిన్‌లెస్ స్టీలులో కొన్ని రకాలు అతుక్కుంటాయి, కొన్ని అతుక్కోవు. కాబట్టి అయస్కాంతం ఒక్కదాన్నే నమ్ముకోకు. తళతళలాడే పాత కొళాయి వస్తే ఓ మూల ఆకురాయితో గీకి చూడు. లోపల పసుపు రంగు కనబడితే అది ఇత్తడి.

మన పడమటి పల్లెల్లో బోర్లు ఎండటం, మోటార్లు కాలిపోవడం మామూలే. కాలిన బోరు మోటారు నీ దగ్గరకొస్తే ఓపిగ్గా విప్పు. పైన స్టీలు గొట్టం, లోపల ఉక్కు రేకుల దొంతర, దాని గాళ్లలో చుట్టిన రాగి తీగ ఉంటాయి. మొత్తం ఒకే కుప్పలో పడేస్తే ఇనుము ధరే వస్తుంది. విడదీసి పెడితే దేని ధర దానికి పలుకుతుంది. ఈ వ్యాపారంలో లాభమంతా ఆ విడదీయడంలోనే ఉంది. అయితే లోపల రాగి ఉందన్న సంగతి అమ్మే రైతుకు నువ్వే చెప్పి ధర కట్టు. ఆయనకు తెలియదు కదా అని ఇనుము లెక్కన కొన్నావంటే, రెండో మోటారు నీ గడప తొక్కదు.

తీగ మీది ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీసేవాళ్లను చూసి ఆశపడకు. ఆ పొగ విషం. రాగి కూడా నల్లబడి ధర తగ్గుతుంది. కత్తితో ఒలుచుకో. మూత బిగించిన డబ్బాను, సిలిండరును ఎప్పుడూ కోయకు. పాత బ్యాటరీలను పగలగొట్టకు. వాటిలో సీసం, యాసిడ్ ఉంటాయి. అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే అప్పగించు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులోకి ఓ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పరికరంతో పాటు కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం వచ్చింది. అదేమిటో తెలియక విప్పారు, ఓ మనిషి ప్రాణం పోయింది. ఏమిటో తెలియని ఆసుపత్రి, ల్యాబు పరికరాల జోలికి పోకు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. పొద్దుగూకాక వచ్చే రాగిని ముట్టుకోకు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి తీసిన తీగో, పొలంలో కోసుకొచ్చిన మోటారు కేబులో అయి ఉండొచ్చు. దాని వెనక ఓ రైతు పంట ఎండుతుంటుంది. దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. మన దగ్గరి గిద్దలూరు మీదుగా రైలుమార్గం ఉంది కాబట్టి పట్టాల ముక్కలు, బోల్టులు కూడా వస్తాయి. వాటినీ ముట్టుకోకు, రైల్వే సొత్తుకు 1966 నాటి వేరే చట్టమే ఉంది. అమ్మేవాడి పేరు, ఊరు, సరుకు, తూకం ఏ రోజుకారోజు పుస్తకంలో రాసుకో.

కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించు. అమ్మేవాళ్లకు అంకెలు కనబడేలా పెట్టు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాయి. ముసలమ్మ తెచ్చిన చిల్లు బిందెకైనా, షెడ్డు నుంచి వచ్చిన ట్రాక్టర్ లోడుకైనా తూకం ఒకటే కావాలి. మొదట్లో ఇనుము, అల్యూమినియంతోనే నడుపు, చెయ్యి తిరిగాక రాగి, ఇత్తడి పెంచుకో. తొందరపడకు నాయనా. పెట్టుబడికి అప్పు ఎక్కడైనా పుడుతుంది, నమ్మకం మాత్రం నీ కాటా మీదే సంపాదించుకోవాలి.