అవ్వ చేతులకు ఆముదం

ఆషాఢం గాలి ఈడ్చి కొడుతున్న రొద్దం ఊళ్లో, అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు వొలిచే ఏ అవ్వ చేతులనైనా దగ్గరగా చూడండి. వెనకవైపు చర్మం ఉల్లిపొరలా పల్చబడి, నరాలు తేలి ఉంటాయి. బొటనవేలి పక్కన సన్నటి పగులు. అందులో ఎర్రమట్టి గీత.

వయసు మీద పడితే చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది, తడి నిలవదు. సబ్బు ఆ ఉన్న కాస్తా లాగేస్తుంది.

హిందూపురం చుట్టుపక్కల పట్టుగూళ్లను వేడినీళ్లలో నానబెట్టి దారం తీసేవాళ్ల చేతులదీ ఇదే కష్టం. పట్టుకు అంటుకుని ఉండే జిగురు, సెరిసిన్, తడిని పట్టి ఉంచుతుంది. అందుకే దాన్ని ఖరీదైన క్రీముల్లో కలుపుతారు. ఆ క్రీము ముందుగా అందాల్సింది ఈ చేతులకేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మనింట్లో ఆముదం ఉంది కదా. దానిలో 85 శాతానికి పైగా రిసినోలిక్ ఆమ్లమే. చిక్కగా ఉంటుంది కాబట్టి కాస్త టెంకాయనూనె కలపండి. ఒకటే మెలకువ: నూనె తడిని ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. అందుకని చేతులు కడిగి, అద్దినట్టు తుడిచి, చెమ్మ ఆరకముందే రాయాలి. పగులు లోతుగా ఉండి నెత్తురు వస్తే మాత్రం డాక్టరుకు చూపించండి.

ఈ రాత్రి అవ్వ పడుకునే ముందు, ఆ నూనె రెండు చుక్కలు మీరే రాయండి. వేలు వేలుకీ, నిదానంగా.