పొడుచు ఎద్దు, పాత కారు



లోపము తెలిసిన వస్తువును అమ్మునప్పుడు, కొనువాడు అడుగని మాటను సయితము మనము చెప్పవలసియున్నదా? ఈ ప్రశ్న ఇప్పుడు మన పల్లె సంఘములలోనికి పాత కార్ల వెంట వచ్చినది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారును ఒకరి తరువాత ఒకరు కొనుచున్నారు. క్రొత్తది కొనలేని కుటుంబమునకు అది వానలో గొడుగు వంటిది గనుక మేము దానిని తప్పు పట్టము. అయితే అది ఎప్పుడు ఎక్కడ ఆగిపోవునో ఎవరికిని తెలియదు. ఆపదలో నమ్మకము తప్పు మనుష్యుని జ్ఞాని విరిగిన పంటితోను, కీలు తప్పిన కాలితోను పోల్చెను (సామెతలు 25:19). అర్ధరాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని ఎక్కించుకొని, ఆసుపత్రి చేరకమునుపే ఆవిరి గ్రక్కుచు నిలిచిపోయిన కారుకు ఆ పోలిక ఎంత చక్కగా సరిపోవును! “ప్రభువు చిత్తమైతే చేరుదుము” అనుచు బయలుదేరువారు కొందరు కలరు. యాకోబు ఆ మాట వ్రాసినది మన గర్వమును అణచుటకే గాని, రేడియేటరులో నీళ్లు చూచుకొననివారి సోమరితనమును కప్పుటకు కాదు.

అమ్మకము సంగతికి వత్తము. మా సంఘములోని ఒక సహోదరుడు తన కారును బేరమునకు పెట్టెను. దాని బ్రేకు పెడలును త్రొక్కి పట్టినయెడల మెల్లగా లోనికి దిగిపోవును. మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పులు అరిగినప్పుడు, నూనె వాటిని దాటి వెనుకకు జారుట వలన ఇట్లగును. రెండుమారులు త్రొక్కినచో పట్టును. చదునైన రోడ్డుపై పది నిమిషములు నడిపి చూచువానికి ఇది తెలియకపోవచ్చును. కొనువాడు అడుగలేదు. “ఉన్నది ఉన్నట్టు అమ్ముచున్నాము, ఇక చెప్పుటెందుకు?” అని మధ్యవర్తి అనెను. చెప్పినయెడల ధర తగ్గును. కుమార్తె కాలేజీ ఫీజు కట్టు గడువు దగ్గరపడినది. ఏమి చేయవలెనని అతడు మమ్మునడిగెను.

పశువుల సంతను తలంచుకొందము. అక్కడ అమ్మువాడు లోపములు చెప్పడు. కొనువాడు నోరు తెరచి పళ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. పిమ్మట కండువా క్రింద వ్రేళ్లు పట్టి ధర తేల్చుకొందురు. బాగులేదు బాగులేదని బేరమాడి, ఇంటికి పోయి అతిశయపడు కొనుగోలుదారుని కూడ సామెతలు 20:14 ఎరుగును. ఆ సంతలో ఇరువురికిని కన్నులున్నవి. కారు అట్లు నోరు తెరువదు. కొనువాడు వచ్చులోగా ఇంజనును వేడిచేసియుంచుటయు, చిక్కని నూనె పోసి అరిగిన ఇంజను చప్పుడును కొన్నాళ్లు అణచుటయు కద్దు. మీటరు వెనుకకు త్రిప్పుటను గూర్చి చర్చయే అక్కరలేదు, అది సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనుటయే (ద్వితీ. 25:13).

కష్టమైన ప్రశ్న మౌనమును గూర్చినది. నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దు మొదటిమారు మనుష్యుని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచునదని అతనికి ముందే తెలియజేయబడినను కట్టివేయనియెడల అతడు దోషి. ఎద్దు అదే, కొమ్ము అదే. యజమానుడు ఎరిగియుండుటలోనే భేదము. అమ్మివేసినపిమ్మట ఎద్దు నాది కాదు గదా అని ఎవరైన అనవచ్చును. ఆ వాక్యము అమ్మకమును గూర్చి పలుకదు, నిజమే. గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయకూడదను ఆజ్ఞ (లేవీ. 19:14) పలుకును. చూడలేనివాడు దారిలో రాయి ఉన్నదా అని ఎట్లు అడుగును? ఆ బ్రేకు సంగతిలో కొనువాడొక్కడే గ్రుడ్డివాడు కాడు; బడి విడిచినవేళ రోడ్డు దాటు పిల్లలు బేరములో లేనేలేరు.

కాబట్టి బ్రేకు, స్టీరింగు, టైర్లు వీటి లోపమును అడుగకయే చెప్పవలెనని మేము అతనితో అంటిమి. కిటికీ అద్దము పైకి రానియెడల కొనువాని కన్నులకు విడువవచ్చును. అడిగినచో నిజము చెప్పవలెను. ఈ రెంటి నడుమనున్నవి మిక్కిలి చిక్కైనవి. నూనె త్రాగు ఇంజను ప్రాణము తీయదు గాని, అప్పు చేసి కొనినవాని ఇల్లు గుల్ల చేయును. అక్కడ గీత ఎక్కడ గీయవలెనో మేము తేటగా చెప్పలేము. మత్తయి 7:12 ఎదుట కూర్చుండి ఎవరికి వారు తేల్చుకొనవలెను.

ఇంకొక సంగతి. సొమ్ము పుచ్చుకొని, ఖాళీ ఫారములపై సంతకము చేసి ఇచ్చివేయు అలవాటు మనలో ఉన్నది. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము అదే రాష్ట్రములోని బండిని అమ్మినవాడు 14 దినములలో రిజిస్టరు చేయు అధికారికి తెలుపవలెను. రిజిస్టరులో పేరు మారకయున్నయెడల, ప్రమాద పరిహారము విషయమై ఆ పేరుగలవాడే యజమానుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. చేతులు మారినను ఎద్దు ఇంకను అతనిదే.

ఆ సహోదరుడు బ్రేకు సంగతి చెప్పెను. కొనువాడు కారును షెడ్డుకు తీసికొనిపోయి సిలిండరు మార్పించి, ఆ ఖర్చును మరికొంతయు ధరలో తగ్గించుకొనెను. ఫీజు రెండు విడతలుగా కట్టవలసివచ్చినది.