త్రోవలోని తగవు

ధ్యానభాగములు: నిర్గమకాండము 21:33–36, సామెతలు 18:17, మత్తయి 5:23–26, 37



ఈ నెల మేము మీ యెదుట ఉంచదలచినది లోతైన వేదాంత విషయము కాదు. ఒక కారు తలుపునకు పడిన సొట్ట, ఒక ఆటో దీపము పగిలిన ముక్కలు, ఇంతే. అయినను మన నాలుక ఎట్టిదో ఇట్టి చిన్న సంగతులలోనే బయలుపడుచున్నది గనుక, సిగ్గుపడుచునే ఈ సంగతి వ్రాయుచున్నాము.

తగరపువలస మీలో అనేకులు ఎరిగిన ఊరే. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని నది ఈ ఊరి ప్రక్కగా పోయి భీమిలి యొద్ద సముద్రములో కలియుచున్నది. ఒకప్పుడు 5వ నంబరుగా ఉండి, 2010లో 16వ నంబరుగా మారిన జాతీయ రహదారి ఇక్కడనే నదిని దాటుచున్నది. లారీలు, బస్సులు, ఆటోలు, సైకిళ్లు, పశువులు అన్నియు ఆ రోడ్డు మీదనే. చీకటి పడు వేళ ఆ కూడలిలో ఎంత జాగ్రత్త అవసరమో చెప్పనక్కరలేదు.

ఒక సాయంకాలము గృహ ప్రార్థనకూటము ముగించుకొని, మన సంఘ సభ్యుడైన ఒక ఉపాధ్యాయుని చిన్న కారులో తిరిగి వచ్చుచుంటిమి. మేము ముందు సీటులో ఆయన ప్రక్కన కూర్చుంటిమి. పాట గురించియో, మరి దేని గురించియో మాటలాడుచుంటిమి. ఎడమ ప్రక్క సందులోనికి తిరుగవలసిన చోటు వచ్చెను. ఆయన సిగ్నలు లైటు వేయక బండి త్రిప్పెను. అదే సమయమున ఎడమ వైపుగా ముందుకు దూసికొని పోవలెనని ఒక ఆటో వచ్చి మా తలుపునకు తగిలెను. చీకటి పడినను ఆ ఆటోకు దీపము వెలుగుట లేదు. దేవుని దయవలన ఎవరికిని గాయము కాలేదు.

తరువాత జరిగినది మీరు ఊహింపగలరు. ఇరువురును దిగిరి. "ఎడమ ప్రక్కనుంచి ఎందుకు వచ్చావు?" అని ఒకరు, "సిగ్నలు వెయ్యకుండా ఎలా తిప్పుతారు మేష్టారూ?" అని మరియొకరు. జనము మూగిరి. ప్రక్కనున్న టీ కొట్టులోనుండి మన సంఘపు పెద్ద ఒకరు వచ్చి, "తప్పంతా ఆటోవాడిదే, నేను సాక్షి సంతకము పెడతాను" అనెను. ఆయన చప్పుడు విని బయటికి వచ్చినవాడే గాని ఏమియు చూచినవాడు కాడు. చూచినవారము మేము. అయితే మేము నోరు మెదపలేదు. మన సహోదరుడు, మన కానుకలు లెక్క వ్రాయువాడు, మమ్మును తన బండిలో ఎక్కించుకొనినవాడు. అతడు బాధపడునని మౌనముగా ఉంటిమి. ప్రియులారా, ఆ మౌనము మా పాపము. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞను ఎన్ని మారులు పీఠము మీదనుండి బోధించితిమో! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఏదెనులో మొదటి తగవు ఎట్లు జరిగెనో చూడుడి. దేవుడు ప్రశ్నించినప్పుడు ఆదాము హవ్వను చూపెను, హవ్వ సర్పమును చూపెను. వ్రేలు చూపుటకు ఎవరును నేర్పనక్కరలేదు. ఒక తగవులో ముందుగా మాటలాడినవాని పక్షమే న్యాయమని తోచుననియు, అవతలివాడు వచ్చి ప్రశ్నించిన తరువాతనే సంగతి తేలుననియు సామెతల గ్రంథకర్త మనకు బోధించుచున్నాడు. నేటి బీమా కంపెనీ సర్వేయరు చేయు పని ఇదే. ఇరుపక్కల మాట విని, సొట్ట ఏ దిక్కునుండి పడెనో చూచి, కాగితము మీది మాటకును రేకు మీది గుర్తుకును పొందిక ఉన్నదో లేదో పరీక్షించును.

మరునాటి ఉదయము ఆ సహోదరుడు క్లెయిము ఫారము చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. ప్రమాదము జరిగిన విధము వ్రాయవలసిన చోట, తాను సిగ్నలు వేసి తిరుగుచుండగా ఆటో వేగముగా వచ్చి కొట్టెనని వ్రాసియుండెను. క్రింద మా సంతకము అడిగెను. మేము ఆయనను కూర్చుండబెట్టి, "అన్నా, నిన్న నేను మాటలాడకపోవుట తప్పు, నన్ను క్షమించుము. సిగ్నలు వెలుగలేదు, నేను చూచితిని" అంటిమి. ఆయన ముఖము చిన్నబోయెను. "అయ్యగారూ, నిజము వ్రాస్తే క్లెయిము పోతుంది కదండీ!" అనెను.

ప్రియులారా, ఇక్కడ మన జనులలో ఉన్న ఒక అపోహను తీర్చవలెను. మన దేశములో మోటారు బండి నడుపువాడు ఇతరులకు కలుగజేయు నష్టమునకు బీమా ఉండి తీరవలెనను నియమము 1946 నుండి అమలులో ఉన్నది. ఇప్పుడు ఆ నియమము 1988 నాటి మోటారు వాహనముల చట్టములో ఉన్నది. ఇది ఇతరుల కొరకైన బీమా. సొంత బండి నష్టమునకు తీసికొను బీమా వేరు. ఈ సొంత నష్టపు బీమా, నడుపువాని పొరపాటువలన ప్రమాదము జరిగినను సాధారణముగా చెల్లును. త్రాగి నడుపుట, లైసెన్సు లేక నడుపుట మొదలగు షరతుల ఉల్లంఘన ఉన్నప్పుడు అది చెల్లదు. కావున సిగ్నలు మరచితినని వ్రాసినంత మాత్రమున క్లెయిము పోదు. అబద్ధము వ్రాసి పట్టుబడినయెడల మాత్రము కంపెనీ దానిని త్రోసివేయవచ్చును. చూచితిరా? అవసరము లేని అబద్ధమునకు ఆ సహోదరుడును మేమును ఆత్మను తాకట్టు పెట్టబోతిమి.

నష్టము బొత్తిగా లేదా? ఉన్నది. 1500 సి.సి. లోపు కారునకు మొదటి 1000 రూపాయలు యజమానియే భరించవలెను. ప్లాస్టిక్, రబ్బరు సామానులకు సగము విలువయే కట్టుదురు. క్లెయిము లేని సంవత్సరములకు సొంత నష్టపు ప్రీమియములో ఇచ్చు తగ్గింపు, అనగా 20 నుండి 50 శాతము వరకు పెరుగు బోనసు, సాధారణముగా పోవును. చిన్న సొట్టకు క్లెయిము తీసికొనుటయా, మానుటయా అని లెక్క చూచుకొనుట వివేకమే. అయితే ఆ సహోదరుడు వ్రాయబోయిన అబద్ధము వీటిలో దేనిని తప్పింపగలిగెడిది కాదు.

పాలసీ కాగితము చదివినవారికి మరియొక సందేహము కలుగును. కంపెనీవారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక తప్పు ఒప్పుకొనరాదని, నష్టము చెల్లించెదనని మాట ఇయ్యరాదని అందులో షరతు ఉండును. పాపములు ఒప్పుకొనుమని వాక్యము చెప్పుచుండగా, ఒప్పుకొనవద్దని కాగితము చెప్పుచున్నదే, క్రైస్తవుడు దేనికి లోబడవలెను? మేము ఇట్లు గ్రహించితిమి. జరిగినది చెప్పుట వేరు, తీర్పు చెప్పుట వేరు. "నేను సిగ్నలు వేయలేదు" అనుట సాక్ష్యము. దానిని ఏ పాలసీయు అబద్ధముగా మార్చుమని కోరదు. "నష్టమంతయు నాదే, అంతయు కంపెనీ ఇచ్చును" అనుట తీర్పు. చెల్లించువాడు మరియొకడై ఉండగా ఆ మాట ఇచ్చుటకు మనకు అధికారము లేదు. అవును అనవలసిన చోట అవును, కాదు అనవలసిన చోట కాదు అనుటయే ప్రభువు మననుండి కోరినది. చూడనిదానిని చూడలేదనుట, వేగము ఎంతయో తెలియనప్పుడు తెలియదనుట కూడ అందులోనివే.

మోషే ధర్మశాస్త్రములో ఇట్టి తగవునకు సరిపడు న్యాయము కలదు. ఒకని యెద్దు మరియొకని యెద్దును పొడిచి చంపినయెడల, బ్రదికిన యెద్దును అమ్మి దాని సొమ్మును ఇద్దరును సమముగా పంచుకొనవలెను, చచ్చినదానిని కూడ పంచుకొనవలెను. అయితే అది పొడుచు యెద్దని ముందే తెలిసియు యజమాని కట్టివేయనియెడల, అతడు పూర్తిగా అచ్చుకొనవలెను. గొయ్యి త్రవ్వి మూయనివాడును అట్లే. ఎరుగక జరిగినదానికి ఒక లెక్క, ఎరిగియు అశ్రద్ధ చేసినదానికి మరియొక లెక్క. నేటి న్యాయస్థానములును ఇరువురి అజాగ్రత్త కలిసిన చోట తప్పును పాళ్లుగా పంచుచున్నవి. అంతా నీదే, అంతా నాదే అను మాటలు కోపములో పుట్టును. నిజము తరచుగా రెండు ఇండ్లలోను కొంచెము కొంచెము ఉండును.

ఆ సహోదరుడు చాలసేపు మాటలాడలేదు. తుదకు ఆ ఫారము మడచి ప్రక్కన పెట్టి, కొత్త కాగితము మీద జరిగినది జరిగినట్లు వ్రాసెను. తాను సిగ్నలు వేయలేదనియు, ఆటోకు దీపము లేదనియు, అది ఎడమనుండి వచ్చెననియు వ్రాసెను. సాక్షిగా మేము సంతకము చేసితిమి. సర్వేయరు వచ్చి చూచెను. క్లెయిము, తగ్గింపులు పోగా, వచ్చెను.

అయితే ఆటో సంగతి మిగిలెను. అతనికి ఇతరుల కొరకైన బీమా మాత్రమే యున్నది. తన దీపము, మడ్‌గార్డు తానే బాగుచేయించుకొనవలెను. నష్టపరిహార ట్రిబ్యునలునకు పోవుటకు అతనికి మార్గము ఉన్నను, కొద్ది సొమ్ము కొరకు దినకూలి మానుకొని ఎవరు తిరుగుదురు? మన సహోదరుడు కంపెనీ కార్యాలయమునకు తెలియజేసి, వారి అనుమతి కాగితము మీద పొంది, తన సొంత సొమ్ముతో అతని యొద్దకు వెళ్లెను. మేమును వెంట వెళ్లితిమి. ఆటో సహోదరుడు మొదట అనుమానముగా చూచెను. మన సహోదరుడు, "బాబూ, నేను సిగ్నలు వెయ్యలేదు. అలాగే రాసి ఇచ్చాను" అనెను. అతడు తల వంచుకొని, "నా లైటు కూడా పది రోజులుగా వెలగడం లేదు మేష్టారూ" అని, సగము సొమ్ము మాత్రమే తీసికొనెను. అతడు మన ఆరాధనకు వచ్చెనని మేము చెప్పుట లేదు, రాలేదు. కాని కూడలిలో ఎదురైనప్పుడు బండి ఆపి క్షేమము అడుగుచున్నాడు. త్రోవలో ఉండగానే ప్రతివాదితో సమాధానపడుటలోని మేలు ఇదే.

కావున ప్రియులారా, మీలో బండ్లు నడుపువారు ఈ సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. ఢీకొనిన వెంటనే ఆగుడి. తగవుకంటె ముందు గాయపడినవారిని చూడుడి, ఇది చట్టము కూడ విధించిన బాధ్యత. సహాయపడినవానిని పోలీసులు చిక్కులలో పెట్టుదురను భయము వద్దు. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో అట్టివానికి రక్షణ కల్పించి, అతనికి మంచి సమరయుని పేరే పెట్టిరి! ప్రభువు చెప్పిన ఉపమానము దేశపు చట్టములోనికి ఎక్కెను, మన హృదయములలోనికి ఎక్కవద్దా? బండ్లు కదల్చకముందు ఫోనుతో ఫోటోలు తీయుడి. నంబర్లు వ్రాసికొనుడి. కంపెనీకి ఆలస్యము లేక తెలియజేయుడి. సర్వేయరు చూడకముందు బాగుచేయింపకుడి. గాయములు గాని, తేలని వివాదము గాని ఉన్నయెడల పోలీసులకు తెలుపుడి. కంపెనీ అన్యాయముగా త్రోసివేసెనని తోచినయెడల, మొదట వారికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుడి. నెల దినములలో న్యాయము దొరకనియెడల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. న్యాయమైనది అడుగుట పాపము కాదు. పౌలు కూడ తన పౌరహక్కును అడిగెను.

సంఘపు పెద్దలారా, మీకొక మాట. చూడనిదానికి సాక్షి సంతకము పెట్టకుడి. మనవాడని ఒకని పక్షము వహించుట ప్రేమ కాదు. మా మౌనమును బట్టి మేము నేర్చుకొనిన పాఠము ఇది.

ప్రార్థన: సత్యస్వరూపివైన తండ్రీ, మా తప్పును ప్రక్కవానిమీదికి నెట్టు బుద్ధిని మాలోనుండి తీసివేయుము. చూచినది చెప్పుటకు ధైర్యమును, చూడనిదానిగూర్చి ఊరకుండుటకు వినయమును దయచేయుము. త్రోవలో ఎదురైనవానితో త్రోవలోనే సమాధానపడు మనస్సు మాకనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.