బాణపు పుల్లలు – నమాజు వరుసలు



దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ సహచరుల నమాజు వరుసలను ఎలా సరిదిద్దేవారో హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఒక పోలికతో తెలిపారు. బాణాలను సరిచేస్తున్నారా అన్నంత శ్రద్ధగా సరిచేసేవారట. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇందులో వాడిన అరబీ పదం ‘ఖిదాహ్’. ఈకలు కట్టకముందు, ములికి బిగించకముందు ఉండే ఉత్త పుల్లలకు ఆ పేరు. ఈ హదీసును మనలో చాలామందిమి వినే ఉంటాం. తిన్నగా నిలబడమన్నారు కాబోలు అనుకుని ఊరుకుంటాం. మేమూ అలాగే ఊరుకున్నాం, బాణాలు చేసే మనిషి పక్కన ఓ పూట కూర్చునేదాకా.

ఆ మధ్య ఓ మిత్రుని పని మీద విశాఖ నుంచి పాడేరు దారిలోని ఒక పల్లెకు వెళ్ళాం. మన్యానికి విల్లంబులు కొత్త కాదు. 1922-24 నాటి తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గిరిజనుల్లో ఎందరో వీటినే పట్టుకుని తుపాకుల ముందు నిలబడ్డారు. అక్కడ ఓ పెద్దాయన పుల్లను నిప్పుల సెగకు చూపి, వేడెక్కిన వంకర మీద బొటనవేలితో మెల్లగా ఒత్తి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటున్నాడు. తర్వాత కంటికి ఆనించి చూసి, ఇంకా వంకర ఉంటే మళ్ళీ సెగకు పెడుతున్నాడు. సెగ లేకుండా ఒత్తితే విరుగుతుంది, ఎక్కువైతే మాడుతుంది. ఆయన పక్కన పడేసిన పుల్లలు మా కంటికి నిక్షేపంగా కనిపించాయి. ఎందుకు తీసేశావని అడిగితే, “మంచివే బాబూ, ఈ వింటికి పనికిరావు” అన్నాడు.

ఆ మాట వెనుక ఉన్న సంగతి తర్వాత తెలుసుకున్నాం. పాతకాలపు వింటికి నట్టనడుమ బాణం పోయే సందు ఉండదు. పిడికి ఒక పక్కన ఆనించి వదలాలి. నారి మాత్రం నడిమికే తోస్తుంది. అందువల్ల వదిలిన క్షణంలో పుల్ల పాములా వంగి, పిడిని తప్పించుకుని, దాటాక మళ్ళీ తిన్నబడుతుంది. అసలు వంగని పుల్ల పిడికి తగిలి దారి తప్పుతుంది. వింటికి ఎడమ పక్కన బాణం పెట్టి కుడిచేత్తో నారి లాగేవానికి, పుల్ల మరీ బిరుసైతే గురికి ఎడమగా, మరీ మెత్తనైతే కుడిగా పోతుంది. విలువిద్య తెలిసినవారికి దీనికో కొలత ఉంది. 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పుల్లను ఉంచి, నడుమ 2 పౌండ్ల బరువు, అంటే సుమారు 900 గ్రాములు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి 26ను దానితో భాగిస్తారు. అర అంగుళం కుంగితే 52 పౌండ్ల వింటికి తగిందని లెక్క. పుల్ల పొడుగైనా, ములికి బరువైనా ఆ లెక్క మారుతుంది. ఒకే మానులోంచి చెక్కిన రెండు పుల్లలు కూడా ఒకేలా కుంగవు!

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. గాజువాక వైపు మేము నమాజు చేసే మస్జిదులో ఒక శుక్రవారం ఓ యువకుడు ఆలస్యంగా వచ్చి, వరుసకు కాస్త ముందుకు జరిగి నిలబడ్డాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. నమాజు ముగిశాక అందరి ఎదుటా, “రాత్రంతా ఎక్కడ తిరిగావు?” అని గద్దించాం. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి శుక్రవారం రాలేదు, ఆ పైవారమూ రాలేదు. వాకబు చేస్తే తెలిసింది, అతను కాంట్రాక్టు కూలీ. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా షిఫ్టు. ఆ రోజు రెండు మూడు గంటలు కునుకు తీసి జుమాకు పరుగెత్తుకు వచ్చాడు.

నోమాన్ (రజి) హదీసులో తర్వాతి భాగాన్ని చూడండి. ఇక వీరు నేర్చుకున్నారని ప్రవక్త (స)కు అనిపించేవరకూ ఆ సరిదిద్దడం సాగింది. ఒకరోజు తక్బీర్ చెప్పబోతుండగా ఒకాయన ఛాతీ వరుస దాటి ముందుకు రావడం గమనించారు. ఆయన (స) అతణ్ణి పేరు పెట్టి పిలవలేదు. దైవదాసులారా అని అందరినీ కలిపి సంబోధించి, వరుసలు సరిచేసుకోకపోతే అల్లాహ్ మీ మధ్య విభేదాలు కలిగిస్తాడని హెచ్చరించారు. ఆ మనిషి ఎవరో హదీసులో లేదు. మా మస్జిదులో ఆ కుర్రవాడు ఎవరో మాత్రం అందరికీ తెలిసిపోయింది.

మరో హదీసు కూడా గుర్తొచ్చి సిగ్గేసింది. బాణాలతో మస్జిదుకో బజారుకో వచ్చేవారు ఎవరికీ గీసుకోకుండా ములుకులను చేత్తో పట్టుకోవాలని ప్రవక్త (స) ఆదేశించారు. నేడు మన చేతుల్లో బాణాలు లేవు, నాలుకలున్నాయి.

ఎవరి సత్తువ ఎంతో ప్రవక్త (స)కు తెలుసు. అజాన్ పదాలను కలలో విన్నది అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి). అయినా ఆ పదాలను బిలాల్ (రజి)కు నేర్పమన్నారు, బిలాల్ గొంతు దూరం వెళుతుందని. అబూజర్ (రజి) అధికారం అడిగితే, నువ్వు బలహీనుడివి, అది అమానతు అని సున్నితంగా వారించారు. అబూజర్ విశ్వాసానికి ఏమి తక్కువ? అయినా ఆ వింటికి ఆ బాణాన్ని పెట్టలేదు. మనమేమో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణీ, పింఛను తీసుకునే పెద్దమనిషినీ ఒకే కొలతతో కొలుస్తాం. ఇళ్ళలో పిల్లల విషయంలోనూ అంతే, ఒకడు ఇంజనీరింగులో చేరితే రెండోవాడూ చేరాల్సిందే.

ఆ యువకుని ఇంటికి వెళ్ళాం. పగలు కావడంతో నిద్రపోతున్నాడు. “లేపమంటారా భాయ్‌సాబ్?” అని తల్లి అడిగింది. వద్దని చెప్పి, ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాం. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి క్షమాపణ అడిగాం. అతను ఏమీ అనలేదు. ఇప్పుడు వస్తున్నాడు, ఎక్కువసార్లు ఆలస్యంగానే. చివరి వరుసలో గోడ పక్కన నిలబడతాడు. మొన్న జుమాకు అతని పక్కన చోటు ఖాళీగా ఉంటే, వెళ్ళి భుజానికి భుజం ఆనించి నిలబడ్డాం.