అద్దెకు తెచ్చుకున్న ఆవర్జా

విశాఖలో ఒక మధ్యరకం కంపెనీలో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల లెక్క చూడడం నా పని. ఎవరి దగ్గర ఏ లైసెన్సు ఉంది, ఏది ఎప్పుడు రెన్యూ చెయ్యాలి, నిన్నటిదాకా ఒకటిగా అమ్మినదాన్ని ఇవాళ మూడు ప్లాన్లుగా ఎందుకు విడదీశారు, ఇదంతా చదివి మావాళ్ళకి చెప్పాలి. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా ఇంట్లో ఇప్పటికీ అనుమానం. నాకున్న అనుమానం వేరు. ఒకరు తమ ఇష్టానికి షరతులు మారుస్తూ పోతుంటే, వాటి వెంటపడి తెలుసుకోవలసిన బాధ్యత ఎప్పుడూ రెండోవాళ్ళదే ఎందుకవుతోంది?

మా ఊరు యలమంచిలి. ఈ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునే కొట్టు అక్కడ నాకు తెలిసి ఒక్కటీ లేదు. కానీ ఎరువుల కొట్టూ, మందుల షాపూ, డీటీపీ సెంటరూ ఇప్పుడు ఏడాదికింత అని కట్టే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. ఆ ఎరువుల కొట్టాయన నాకు వరసకి మావయ్య. ఒకసారి అడిగాడు: "డబ్బులిచ్చి కొన్నదే కదరా, మళ్ళీ అద్దేటి?"

ఇదేం అమాయకమైన ప్రశ్న కాదు. సాఫ్ట్‌వేర్ అంటే అసలు ఏమిటి అని తేల్చడానికి సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చోవలసి వచ్చింది. అదీ మన రాష్ట్రం కేసులోనే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2004 నవంబరు. సాఫ్ట్‌వేర్ అనేది మేధోసంపత్తి, చేత్తో పట్టుకునేది కాదు, కాబట్టి దాని మీద అమ్మకపు పన్ను వెయ్యకూడదని కంపెనీ వాదన. డిస్కులో పెట్టి బజారులో అమ్మితే అది సరుకే, పన్ను కట్టాల్సిందే అని కోర్టు తీర్పు. అంటే ఇరవై ఏళ్ళ కిందట చట్టం దృష్టిలో కూడా మావయ్య కొన్నది ఒక వస్తువు, ఎరువుల బస్తాలాగే.

తరవాత ఆ వస్తువు నెమ్మదిగా సేవగా మారింది. అడోబీ 2013 మేలో తన డిజైన్ సాఫ్ట్‌వేర్లకి ఇకమీదట శాశ్వత లైసెన్సుతో కొత్త వెర్షన్లు రావని, చందా ఒక్కటే దారి అని ప్రకటించింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ని కొనేసిన బ్రాడ్‌కామ్, మరుసటి నెలలోనే దాని శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. మన జీఎస్టీలో కూడా ఇలాంటి చందాలు సేవల కిందే, 18 శాతం పన్నుతో ఉన్నాయి.

కంపెనీల వైపు నుంచి కూడా చూడాలి. సర్వర్లు ఊరికే తిరగవు. భద్రతా లోపాల్ని సరిదిద్దే ఇంజనీర్లకి నెలనెలా జీతాలివ్వాలి. ఒకేసారి యాభై వేలు పెట్టలేని చిన్న వ్యాపారికి నెలకి వెయ్యి రూపాయలు నిజంగా వెసులుబాటే. పైగా మన దగ్గర "కొన్నది" అనే మాటే కొంచెం అనుమానించవలసినది. డీటీపీ సెంటర్లలో కాపీ సీడీలతో నడిచిన కాలం ఎవరికి తెలీదు? కాబట్టి అద్దెని అద్దె అయినందుకే తప్పు పట్టలేను. ఇల్లు అద్దెకు తీసుకుంటాం, ట్రాక్టరు అద్దెకు తీసుకుంటాం. అందులో అవమానమేమీ లేదు.

తేడా ఎక్కడుందో మావయ్య కొట్టులోనే అర్థమైంది. ప్లాను ధర పెరిగిందని ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మానేద్దామనుకున్నాడు. గడువు తీరాక లాగిన్ అయితే అయింది గానీ, పాత బిల్లులు దింపుకోవాలంటే మళ్ళీ చందా కట్టమంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాల్ని ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. భద్రపరచాల్సిన బాధ్యత ఆయనది, బీరువా తాళం ఇంకొకరిది. వాళ్ళ నాన్నగారి కాలంలో చిట్టా, ఆవర్జా ఎర్రగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేవారు. పుస్తకాలమ్మే ఆసామి మరుసటి ఏడాది ధర పెంచితే కొత్త పుస్తకం ప్రియమయ్యేది, అంతే. పాత ఆవర్జా దానంతటది మూసుకుపోయేది కాదు.

"షరతులకి ఒప్పుకునే కదా నొక్కారు" అంటారు. 1748లో డేవిడ్ హ్యూమ్, ప్రభుత్వాలు ప్రజల ఒప్పందం మీద పుట్టాయనే వాదాన్ని విమర్శిస్తూ ఒక వ్యాసం రాశాడు. దేశం విడిచి వెళ్ళలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనేవాళ్ళకి ఆయన చూపించిన ఉదాహరణ ఇది: నిద్రలో ఉన్న మనిషిని ఓడలోకి ఎక్కించి, నడిసముద్రంలో లేచాక, నువ్వు ఇంకా ఓడలోనే ఉన్నావు గనక కెప్టెన్ మాటకి సమ్మతించినట్టే అనడం లాంటిదట. దిగాలంటే సముద్రంలో దూకి చావాలి మరి.

మావయ్య దూకక్కర్లేదు, ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారొచ్చు అని మీరనవచ్చు. నిజమే, ఆయన లెక్కలు ఆయనతోపాటు వస్తే. నా మటుకు సమ్మతికి గీటురాయి ఇదే. ఎక్కేటప్పుడు ఎన్ని పేజీలు చదివించారన్నది కాదు, దిగేటప్పుడు మనవి మన చేతికిచ్చారా లేదా అన్నది.

దీనికి మన దగ్గర చాలా పాత పోలిక ఉంది. కౌలు. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం పదకొండు నెలలే, భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ రాదు. గడువు తీరితే పొలం వదిలేస్తాడు. కానీ కోసిన పంట ఇంటికి తెచ్చుకుంటాడు. కౌలు పెంచావు, నేను రాను అన్న రైతుతో, అయితే నిరుటి ధాన్యం కూడా నా గాదెలోనే ఉంటుందని ఏ భూస్వామీ అనడానికి వీల్లేదు. పొలం అద్దెకి ఇవ్వొచ్చు, పంట మాత్రం పండించినవాడిది.

ఇది చిన్న కొట్టుకే పరిమితమైన సంగతి కాదు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తరవాత, గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం ఉన్న నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. డబ్బు పూర్తిగా కట్టిన లైసెన్సులవి, మా సమాచారమే మాకు అందడం లేదంటూ నయారా ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. కొద్ది రోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. ఆంక్షల తప్పొప్పుల జోలికి నేను పోవడం లేదు. కానీ దేశమంతా పెట్రోలు బంకులున్న కంపెనీకే కోర్టు గుమ్మం ఎక్కితే గానీ పని జరక్కపోతే, యలమంచిలి ఎరువుల కొట్టు ఏ గుమ్మం ఎక్కాలి?

సాహిత్యం చదివే మనకి ఇందులో ఇంకాస్త దగ్గరి నష్టముంది. ఎన్నో తెలుగు పుస్తకాలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ అయ్యాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్ళని నేరుగా తెరవగల ఆఖరి ఇన్‌డిజైన్ సీఎస్6. దాని తరవాతవన్నీ చందా వెర్షన్లే, అవి తెరవవు. అను యూనికోడ్ కాదు గనక అందులోని వాక్యాన్ని ఈమెయిల్లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం కనిపిస్తుంది. మార్చే పరికరాలున్నాయి, మార్చాక అక్షరమక్షరం దిద్దుకోవాలి. అచ్చయిన కాపీ దొరక్కపోతే, రచయిత దగ్గరున్న సీడీ ఆయన రాసిందే అయినా ఆయన చదవలేడు.

అందుకని మా కంపెనీలో ఏ కొత్త చందా సంతకానికి వచ్చినా ధర కంటే ముందు ఒకటే అడుగుతున్నాను: మానేసిన రోజున మా సమాచారం ఏ రూపంలో, ఎన్నాళ్ళలోపు ఇస్తారు? యూరప్‌లో ఇది ఇప్పుడు చట్టం. 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన డేటా యాక్ట్, ఒక క్లౌడ్ నుంచి ఇంకోదానికి మారే హక్కునిస్తుంది. 2027 జనవరి నుంచి అలా మారినందుకు రుసుం కూడా తీసుకోకూడదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి హక్కు లేదు. చట్టం వచ్చేదాకా ఎవరి ధాన్యం వాళ్ళే ఎప్పటికప్పుడు ఇంటికి తోలుకోవాలి. లెక్కలైతే మామూలు సీఎస్వీ ఫైల్లో, రాతలైతే యూనికోడ్‌లో, మన దగ్గరున్న డిస్కులో.

పనిముట్టుకి అద్దె కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. నేను చేసిన పనిని చూసుకోవడానికి అద్దె అడిగితే మాత్రం, దాన్ని సేవ అని పిలవలేను.