తేనె సీసాలో పేరు పెడితే పని అవుతుందా?

మొన్నటి వీడియో చూసి ఒక సోదరి అడిగారు. భర్త పైఅధికారి పేరు చీటీ మీద రాసి, తేనె సీసాలో వేసి, మూత బిగించి రోజూ దీపం పెడుతున్నారట. ప్రమోషన్ కోసం. "మధ్యలో ఆపితే కీడు జరుగుతుందా గురువుగారూ?" అని భయం.

అమ్మా, ఏ కీడూ జరగదు. ఇది మన పూజ కాదు. అమెరికాలో నల్లజాతివారి హూడూ అనే జానపద పద్ధతిలోది. బానిసత్వంలో నలిగినవాళ్ళ మధ్య పుట్టిన సంప్రదాయం. ఏ అండా లేనివాళ్ళు పట్టుకున్న దారి కాబట్టి నేను ఎగతాళి చేయను.

కానీ మనకీ ఒక పాత్ర ఉంది కదా, వరలక్ష్మీ వ్రతం కలశం. బియ్యమో నీళ్ళో పోస్తాం, మావిడాకులు, కొబ్బరికాయ పెడతాం. అందులో ఎవరి పేరూ వేయం. "అమ్మా, రా తల్లీ" అని పిలుస్తాం, అంతే. ఉద్వాసన చెప్పాక ఆ నీళ్ళు ఇల్లంతా చల్లుకుంటాం, బియ్యమైతే పరమాన్నం వండి నలుగురికీ పెడతాం. మూత బిగించిన సీసా ఎవరికి ఏం పెడుతుంది చెప్పండి?

శంకరులు భిక్షకు వచ్చినప్పుడు ఆ పేదరాలు ఆయన మనసు కట్టాలని చూడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఉసిరికాయ వేసింది. కనకధార అక్కడే మొదలైంది.

ఆ అధికారి ఇంట్లోనూ ఎవరో దీపం పెడుతుంటారు తల్లీ. చీటీ తీసేయండి. కాగితం నానిన తేనె తినకండి, చెట్టు మొదట్లో పోయండి, చీమలు తింటాయి. దీపం మాత్రం ఆపకండి, అమ్మవారి ముందు పెట్టండి. ప్రమోషన్ సంగతి మీ వారినే వెళ్ళి నేరుగా అడగమనండి.