నిష్ఠ

ఇష్టలింగార్చన ముగియనిదే మంచినీరైనను ముట్టని పెద్దను చూచి, “ఆయన మిక్కిలి నిష్ఠాపరుడు” అని వీరశైవ గృహములలో చెప్పుకొనుట కలదు. ఆ మాట గౌరవముతో పలుకబడునదే. కాని కొన్ని యిండ్లలో అదే మాట భయముతో పలుకబడుచున్నది. పూజాద్రవ్యము లమర్చుటలో ఒకింత ఆలస్యమైనచో కోడలు కంట తడిపెట్టవలసి వచ్చిన యింట నున్నది నిష్ఠయేనా?

“స్థా” ధాతువునకు నిలుచుట యని అర్థము. “ని” అను ఉపసర్గము చేరగా స్థిరముగా నిలుచుట యగును. కనుక నిష్ఠ యనగా చలింపమియే గాని కాఠిన్యము కాదు. లోకమున “నియమనిష్ఠలు” అని జంటగా పలుకుదురు. నియమము చేతులతో ఆచరించునది. నిష్ఠ ఆ చేతుల వెనుక నిలిచిన మనస్సు. నిష్ఠ లేని నియమము అలవాటుగా మిగులును.

షట్స్థల మార్గమున భక్తస్థలమునకు శ్రద్ధాభక్తి, మహేశ్వరస్థలమునకు నిష్ఠాభక్తి చెప్పబడినవి. అవధానము, అనుభవము, ఆనందము, సమరసము అటుపిమ్మటివి. నిష్ఠ రెండవ మెట్టు. చివరి మెట్టు సమరసము. తోడివారిని దూరము చేయు నిష్ఠ సమరసమునకు ఎట్లు చేర్చగలదు?

12వ శతాబ్దమున కల్యాణమునందు ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుటనే కాయకముగా స్వీకరించెను. ఆ బియ్యముతోనే జంగమ దాసోహము జరుగుచుండెను. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెనట. ఆయన భార్య లక్కమ్మ, అవసరమునకు మించినది ఆశ యగునని తలచి, ఆ బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మనెనని శరణుల చరిత్ర చెప్పుచున్నది. మారయ్య కోపింపలేదు, ఆమె మాట పాటించెను.

పేదయింట బియ్యము మిగులుట దోషమని లోకము తలచదు. లక్కమ్మ తలచినది. అయినను ఆమె పొరుగింటి చేటలు తూచుటకు పోలేదు. తన యింటి చేటనే తూచుకొన్నది. భార్య చెప్పిన సత్యమును భర్త శిరసావహించుటయు నిష్ఠయే.

నిష్ఠ తనకు తాను పట్టుకొనవలసిన త్రాసు. దానిని ఇతరుల మీదికి త్రిప్పిన నాడు నిష్ఠ పోయి నిష్ఠూరము మిగులును. రేపు ఉదయమున విభూతి ధరించి ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొను భక్తుడు, ఆ పూజకు నీరు తెచ్చిన చేతులను గూడ ఒక్కసారి చూడవలెను. ఆ చేతులు వణకుచున్నచో, పూజలో లోపము నీటిది కాదు.

శివార్పణము.